పదహారేళ్ళ మేనకోడలు, ముప్పైయేళ్ళ చెల్లెలు: ఒకే ఇంట్లో రెండు పెళ్ళి వయసులు

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ ఊరు ఆదోనికి దగ్గరలోని ఒక పల్లె. మీ అక్కగారి అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పాసైంది, వయసు 16. ఆమెను మేనత్త కొడుకైన 27 ఏళ్ళ యువకుడికిచ్చి జ్యేష్ఠమాసంలో పెళ్ళి చేయాలని మీ బావగారు అనుకుంటున్నారు. మీ అక్కతో పాటు ఒకే తల్లి కడుపున పుట్టిన మీ చెల్లెలికి 30 నిండాయి; హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది; ఆరేళ్ళుగా సంబంధాలు చూస్తున్నా ఒక్కటీ కుదరక మీ అమ్మగారు కుమిలిపోతున్నారు. పల్లెలో చదువు చాలక అలా జరుగుతోందని, నగరంలో చదువు ఎక్కువై ఇలా జరుగుతోందని బంధువులు అంటున్న మాట నిజమేనా, ఈ రెండింటిలో మీరు చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

నేను అంగన్‌వాడీ కేంద్రాలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరుగా 31 సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేశాను. అందులో 20 ఏళ్ళు మీ జిల్లా పడమటి మండలాల్లోనూ, తక్కిన కాలం విజయవాడలోని వాడలలోనూ గడిచింది. బాల్య వివాహం జరుగుతోందని తెలిసి వెళ్ళిన ఇళ్ళలో కొన్నిచోట్ల ఆపగలిగాను. కొన్నిచోట్ల నేను వెళ్ళేసరికే మూడు ముళ్ళూ పడిపోయాయి. ఆపిన పెళ్ళిళ్ళలో కొన్ని నెల తిరగకుండానే మరో ఊళ్ళో, రాత్రిపూట జరిగిపోయాయి. అందుచేత నేను చెప్పబోయేది ఎక్కువగా ఇళ్ళల్లో అరుగుల మీద కూర్చుని తల్లిదండ్రుల నోట విన్నదే.

మీ బంధువుల మాట సరికాదని నా అభిప్రాయం. పల్లెకు ఒక నియమం, నగరానికి మరొక నియమం అంటూ లేవు. రెండుచోట్లా నడుస్తున్నది ఒకే నియమం: పెళ్ళికొడుకు పెళ్ళికూతురి కంటే వయసులోనూ, చదువులోనూ, సంపాదనలోనూ కనీసం ఒక మెట్టు పైన ఉండాలి. పల్లెలో ఈ నియమం ఆడపిల్లను ఎక్కువ మెట్లు ఎక్కనివ్వకుండా తొందరగా పెళ్ళిపీటల మీద కూర్చోబెడుతుంది. నగరంలో ఇదే నియమం పైమెట్టుకు చేరిన ఆడపిల్లకు వరుడు లేకుండా చేస్తుంది. మీ మేనకోడలి తొందర, మీ చెల్లెలి ఆలస్యం వేర్వేరు జబ్బులు కావు.

మగపిల్లవాడి పెళ్ళికి వేళ అయిందో లేదో మన ఇళ్ళలో ఎలా నిర్ణయిస్తారో గమనించండి. వాడు స్థిరపడ్డాడా, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయా, అప్పులు తీరాయా, ఇంటికి ఒక గది కట్టించాడా అని చూస్తారు. అవన్నీ అతను చేసిన పనులు, చేయవలసిన పనులు. ఆడపిల్ల విషయంలో ఆమె చేసిన పనిని ఎవరూ లెక్కపెట్టరు. ఆమె ఒంటిని లెక్కపెడతారు. పెద్దమనిషైన రోజునే బంధువులను పిలిచి వేడుక చేసి, మా ఇంట్లో పెళ్ళీడుకు వచ్చిన పిల్ల ఉందని పది మందికీ చెప్పినట్లు చేస్తాం. ఆ మర్నాటి నుంచీ ఆ తల్లిదండ్రులకు గుండెల మీద కుంపటి మొదలవుతుంది. మగపిల్లవాడి కాలాన్ని సంపాదనతో, ఆడపిల్ల కాలాన్ని భయంతో కొలవడం నేను పల్లెలోనూ చూశాను, బెజవాడలోనూ చూశాను. తేడా అల్లా నగరంలో ఆ భయం పదిహేనో ఏట కాక ఇరవై ఆరో ఏట మొదలవుతుంది.

కొన్ని అంకెలు చూద్దాం. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019 నుంచి 2021 వరకు జరిగింది. ఆ సమయానికి 20 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవారు దేశం మొత్తం మీద 23.3 శాతం, గ్రామాల్లో 27 శాతం, పట్టణాల్లో 14.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 29.3 శాతం, గ్రామాల్లో 32.9, పట్టణాల్లో 21.7. తెలంగాణ మొత్తం 23.5 శాతం. మన పట్టణాల్లోనే అయిదుగురిలో ఒకరికి పైగా 18 నిండకుండా పెళ్ళయిపోతుండగా, పల్లెలు, పట్టణాలు అన్నీ కలిపి కేరళలో ఆ సంఖ్య 6.3 శాతం మాత్రమే, తమిళనాడులో 12.8 శాతం. అంటే మన పట్టణం కంటే తమిళనాడు రాష్ట్రం మొత్తం మెరుగ్గా ఉంది. పల్లె అన్నది ఒక్కటే కారణమైతే ఇలా ఉండకూడదు. పట్టణం అనగానే మనకు హైటెక్ సిటీ గుర్తుకు వస్తుంది గానీ, పట్టణ లెక్కల్లో కొండ మీది వాడలు, కాలువ గట్ల మీది గుడిసెలు, భవన నిర్మాణానికి వలస వచ్చి సగం కట్టిన అపార్టుమెంటు కింద కాపురముండే కుటుంబాలు కూడా ఉన్నాయి. పగలంతా తల్లీ తండ్రీ పనికి పోతే ఎదిగిన పిల్ల ఒంటరిగా ఉండే ఒంటిగది ఇంట్లో, పెళ్ళి వయసు పల్లెలో కంటే పెద్దగా పెరగదు.

తమిళనాడు మాట ఎత్తడానికి మరో కారణం ఉంది. మేనరికాల వల్లనే మన దగ్గర చిన్నతనంలో పెళ్ళిళ్ళు జరుగుతున్నాయని చాలామంది రాస్తుంటారు. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు, చివరికి మేనమామ కూడా వరసైనవాళ్ళే అనే ఆచారం తమిళులకూ ఉంది. అయినా వారి పెళ్ళి వయసు మనకంటే పెరిగింది. కాబట్టి మేనరికం కారణమని కాక, తొందరపడే తండ్రికి చేతికి అందుబాటులో ఉండే దారి అని అనుకోవడం సబబు. బయటి సంబంధమైతే వెతకడానికి ఏడాది పడుతుంది, కట్నం మాట్లాడుకోవాలి, విచారించుకోవాలి. మేనత్త కొడుకైతే పుట్టినప్పుడే అనుకున్న మాట ఉంటుంది, కట్నం తగ్గుతుంది, పిల్ల కళ్ళెదుట ఉంటుంది. మీ బావగారు కూడా ఇదే మాట అంటూ ఉండాలి.

అసలు కారణం పదో తరగతికీ ఇంటర్‌కూ మధ్య ఉన్న ఖాళీలో ఉంది. మీ ఊళ్ళో ఉన్నత పాఠశాల ఉంది లేదా పక్క ఊళ్ళో ఉంది. పిల్లలు గుంపుగా నడిచి వెళతారు. ఇంటర్ చదవాలంటే మండల కేంద్రానికో ఆదోనికో పోవాలి. ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులోనూ వచ్చింది. అది నిజంగా మంచి పని. అయితే టికెట్టు లేకపోవడం ఒకటి, కాలేజీ విడిచే వేళకు మీ ఊరికి బస్సు ఉండడం మరొకటి. చీకటి పడ్డాక అడ్డరోడ్డు దగ్గర దిగి రెండు కిలోమీటర్లు నడవవలసిన పిల్లను ఏ తండ్రి నిశ్చింతగా పంపుతాడు? నేను మాట్లాడిన తండ్రులలో చదువు వద్దన్నవారు చాలా తక్కువ. చదివించాలని ఉందమ్మా, పంపడానికే భయమన్నవారే ఎక్కువ. దాన్ని అజ్ఞానం అనడం నాకు మనస్కరించదు.

మీ పడమటి మండలాల్లో దీనికి సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం, తోడవుతుంది. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు నుంచి వానలు మోసం చేసిన ఏడాది కుటుంబాలకు కుటుంబాలు పత్తి తీయడానికో, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికో నెలల తరబడి వెళ్ళిపోవడం మీకు నేను చెప్పనక్కరలేదు. అప్పుడు ఎదిగిన పిల్లను ముసలి అవ్వ దగ్గర వదిలి వెళ్ళాలి లేదా బడి మాన్పించి వెంట తీసుకుపోవాలి. చేను గట్టున గుడారంలో నలుగురు కొత్తవాళ్ళ మధ్య ఉంచడానికి భయం, ఊళ్ళో వదలడానికి భయం. పెళ్ళి చేస్తే ఆ బాధ్యత మరొకరికి అప్పగించినట్లవుతుంది. పైగా సుగ్గికి పోయే అత్తవారింటికి పని చేసే రెండు చేతులు అదనంగా వస్తాయి. ఒక ఏడాది వేసవిలో ఒకే ఊళ్ళో తొమ్మిది పెళ్ళిళ్ళు ఆపడానికి తిరిగాను. ఆ తొమ్మిది ఇళ్ళలో ఏడు సుగ్గి నుంచి అప్పుడే తిరిగొచ్చినవి. చేతిలో కూలి డబ్బు ఉన్న నెలలు అవే, ముహూర్తాలు ఉన్న నెలలూ అవే, పదో తరగతి ఫలితాలు వచ్చే రోజులూ అవే. పరీక్ష తప్పిన పిల్ల అయితే ఇక ఆలోచనే ఉండదు. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి బదులు సంబంధం చూస్తారు.

కట్నం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే పల్లెకూ నగరానికీ ఉన్న లంకె అక్కడే తెలుస్తుంది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా, పిల్ల వయసు, చదువు పెరిగేకొద్దీ కట్నం పెరుగుతుందన్నది ప్రతి ఇంట్లోనూ తెలిసిన లెక్క. చదువుకున్న పిల్లకు ఆదాయం ఉంటుంది గదా, కట్నం తగ్గాలి గదా అనిపిస్తుంది. అలా జరగదు. డిగ్రీ చదివిన పిల్లకు డిగ్రీ పైన చదివినవాడిని తేవాలి, వాడి ధర వేరు. పదో తరగతి దగ్గర ఆపితే ఇంటర్ తప్పిన ట్రాక్టరు డ్రైవరైనా సరిపోతాడు. ఒక తండ్రి నాతో ఈ లెక్కను వేళ్ళ మీద చేసి చూపించాడు: చదివించడానికి ఖర్చు ఒకసారి, చదివినందుకు కట్నం రెండోసారి. ఆయన పిల్లను ద్వేషించే మనిషి కాదు. ముగ్గురు ఆడపిల్లలున్న రెండెకరాల మెట్ట రైతు.

ఇప్పుడు మీ చెల్లెలి సంగతికి వస్తాను. ఆమె ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం సంపాదించి, జీతం పెంచుకుంటూ పైకి వచ్చింది. నియమం మారలేదు గనుక ఆమెకు కావలసిన వరుడు ఆమె కంటే రెండుమూడేళ్ళు పెద్దవాడై, ఆమె కంటే ఎక్కువ జీతగాడై, మీ కులంలో, కుదిరితే మీ శాఖలోనే ఉండి, జాతకం కలిసి, ఇంతవరకు పెళ్ళి కానివాడై ఉండాలి. ప్రతి షరతుకూ సగం మంది రాలిపోతే చివరికి మిగిలేవారు ఎందరో మీరే ఊహించండి. ఆ మిగిలినవారు కూడా 26 ఏళ్ళ పిల్లను కోరుకోగలరు, ఎందుకంటే మగవాడికి కిందికి చూసే వీలుంది, ఆమెకు లేదు. ఏటేటా ఆమె ఒక మెట్టు ఎక్కుతున్నకొద్దీ ఆమెకు పైనున్నవారు తగ్గుతారు. వయసు పెరుగుతున్నకొద్దీ ఉన్నవారి తల్లిదండ్రులు వెనకాడతారు. చదువు ఎక్కువై పెళ్ళి కాలేదు అన్న మాటలోని అన్యాయం ఇదే. చదువు ఆమెది, షరతు ఊరిది.

మెట్ల చివర ఇటువైపు మీ చెల్లెలు ఉంటే, అటువైపు ఎవరున్నారో కూడా చూడాలి. మీ ఊళ్ళోనే 32, 35 ఏళ్ళు వచ్చినా పెళ్ళి కాని రైతు కుర్రవాళ్ళను మీరు ఎరుగుదురు. పదెకరాలున్నా వ్యవసాయం చేస్తానంటే పిల్లనివ్వని కాలం వచ్చింది; రైతులే తమ కూతుళ్ళను రైతులకు ఇవ్వడం లేదు. 2001 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు మగపిల్లలు వెయ్యి మందికి ఆడపిల్లలు 961 మందే ఉన్నారు. ఆనాటి ఆ పిల్లలే ఈనాటి పెళ్ళీడు వాళ్ళు. ఆ కొరతకు పై మెట్టు నియమం తోడై, కిందిమెట్టు మీది మగవాళ్ళకు పెళ్ళి అందకుండా పోతోంది. వాళ్ళలో కొందరు ఏం చేస్తారంటే, తమ కంటే పేద ఇంటి నుంచి, తమ కంటే పది పన్నెండేళ్ళు చిన్నదైన పిల్లను, కట్నం లేకుండా, పెళ్ళి ఖర్చు కూడా తామే పెట్టుకుని అడుగుతారు. ఎదురు ఖర్చు పెట్టి అడిగిన సంబంధాన్ని పేద తండ్రి కాదనలేడు. మీ మేనకోడలిని అడుగుతున్న 27 ఏళ్ళ అబ్బాయికి ఇప్పటికే రెండుమూడు సంబంధాలు తప్పిపోయి ఉంటాయని నా అనుమానం, కనుక్కుని చూడండి. అతను చెడ్డవాడని నేను అనడం లేదు. అతని ఆలస్యం ఆమె తొందరగా మారుతోందని అంటున్నాను.

చిన్నతనపు పెళ్ళి ఆడపిల్ల జీవితాన్ని ఎలా కుదిస్తుందో మన రాష్ట్రం లెక్కల్లో ఒక వింత రూపంలో కనిపిస్తుంది. పెళ్ళి వయసు తక్కువైన చోట పిల్లలు ఎక్కువమంది పుడతారని సాధారణంగా అనుకుంటాం. ఆంధ్రప్రదేశ్‌లో అలా లేదు. ఇదే సర్వే ప్రకారం ఇక్కడ ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. దేశ సగటు 2.0 కంటే తక్కువ. అయినా 15 నుంచి 19 ఏళ్ళ మధ్య వయసులోనే తల్లులైనవారు, గర్భంతో ఉన్నవారు కలిపి 12.6 శాతం, దేశంలో అది 6.8 శాతం. పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. ఈ మూడు అంకెలనూ కలిపి చదవండి: పదహారు పదిహేడేళ్ళకు పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి ఆపరేషన్. మీ చెల్లెలు ఇంజనీరింగ్ పట్టా తీసుకున్న వయసుకు మీ ఊళ్ళో ఆమె ఈడు పిల్లలు కన్నతల్లులుగా తమ వంతు ముగించేశారు. అంగన్‌వాడీ కేంద్రంలో గర్భిణుల నమోదు పుస్తకం రాసేటప్పుడు నేను తరచుగా చూసిన దృశ్యం, వయసు అడిగితే ఆ పిల్ల నోరు తెరవకముందే అత్తగారు పందొమ్మిది అని చెప్పడం. ఒంట్లో రక్తం (హిమోగ్లోబిన్) ఏడు గ్రాములు. ఆ అబద్ధం వల్ల ఆమెకు చిన్న వయసు గర్భిణిగా అందవలసిన ప్రత్యేక శ్రద్ధ అందదు.

వయసు దాచడం, చట్టాన్ని దాటడం కొత్త విద్యలు కావు. అమ్మాయికి 14, అబ్బాయికి 18 అని హద్దు పెట్టిన శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అమలయ్యేలోపే హడావిడిగా ఎన్నో పెళ్ళిళ్ళు జరిపించేశారు. అమలయ్యాక గోదావరి జిల్లాల వాళ్ళు ఫ్రెంచివారి పాలనలో ఉన్న యానాం వెళ్ళి చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చేసుకుని వచ్చేవారు. బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లదు గదా; ఆ కారణంగానే యానానికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది. తరువాత 1978లో హద్దులు 18, 21 అయ్యాయి. ఈనాడు మనకు యానాంకు వెళ్ళే పని లేదు. పుట్టిన తేదీని ఆధార్‌లో దిద్దించుకునే ప్రయత్నం చేస్తారు, లేదా పొరుగు రాష్ట్రంలోని గుడికి పోతారు. పెళ్ళి వయసును కాగితం మీద పెంచినంత మాత్రాన ఇంట్లో పెరగదని చెప్పడానికే ఇది ప్రస్తావించాను. ఆడపిల్లల పెళ్ళి వయసును 21కి పెంచే బిల్లును 2021 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. ఆ లోక్‌సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. స్త్రీకీ పురుషుడికీ ఒకే వయసు ఉండాలన్న న్యాయాన్ని నేను ఒప్పుకుంటాను. అయితే 18నే కాపాడుకోలేని చోట 21 అంటే, ఇరవయ్యేళ్ళ పిల్ల తనకు నచ్చినవాడిని చేసుకున్నప్పుడు తండ్రి పోలీసులను పంపడానికి ఒక ఆయుధం ఇచ్చినట్లవుతుందని నా భయం. ఇప్పటికే వచ్చే ఫిర్యాదులలో కొన్ని అటువంటివే.

డబ్బు ఇచ్చే పథకాల గురించి ఒక మాట. తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ 2014 అక్టోబరులో 51 వేల రూపాయలతో మొదలై తరువాత 1,00,116 రూపాయలకు చేరాయి. వధువుకు 18 నిండి ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన కల్యాణమస్తు పథకంలో వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతు పెట్టారు. ఆ షరతు కొన్ని ఇళ్ళలో పెళ్ళిని రెండేళ్ళు ఆలస్యం చేసిన మాట నిజం. కానీ ఆడపిల్లకు ఇచ్చే డబ్బు పెళ్ళితో ముడిపడినంతకాలం, ఆమె జీవితానికి గురి పెళ్ళేనన్న భావన బలపడుతుంది. అంత డబ్బూ ఇంటర్ చదివే పిల్లలకు హాస్టల్‌గానూ, సాయంత్రం బస్సుగానూ మారితే ఫలితం ఎక్కువ ఉంటుందని నా అనుభవం చెబుతోంది. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలలో ఇంటర్ పెట్టిన చోట్ల ఆ తేడా నేను కళ్ళారా చూశాను. పదో తరగతి ఫలితాల తరువాత ఇంటికి పోకుండా అదే ఆవరణలో, అదే టీచర్ల దగ్గర మరో రెండేళ్ళు ఉండిపోయిన పిల్లలకు ఆ రెండేళ్ళలో 18 నిండిపోయేవి. ఎవరూ పోరాడనక్కరలేకుండానే పెళ్ళి ఆగింది.

ఇక మీరు చేయగలిగినది. మీరు మేనమామ. మన పెళ్ళిలో పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చే హక్కు మీది. ఆ హక్కుకు ఉన్న బరువును మీ బావగారు బాగా ఎరుగుదురు. ఈ పిల్లకు 18 నిండకుండా జరిగే పెళ్ళిలో నేను గంప ఎత్తను అని మీరు అనగలిగితే, అది నావంటి ఉద్యోగి పది నోటీసులు ఇచ్చినదాని కంటే పెద్ద మాట. అయితే అది మొదటి మాట కాకూడదు. మొదట ఆయన భయం ఏమిటో కూర్చుని వినండి. కాలేజీ దూరమా, సుగ్గికి పోతే పిల్లను ఎక్కడ ఉంచాలన్న చింతా, ఊళ్ళో ఎవరైనా కుర్రవాడి పేరు వినబడిందా, అప్పా, ముసలి తల్లి కళ్ళు మూయకముందే మనుమరాలి పెళ్ళి చూడాలన్న కోరికా? ఒక్కోదానికి జవాబు ఒక్కోలా ఉంటుంది. కారణం తెలియకుండా చట్టం చెబితే ఆయన పట్టుదల పెరుగుతుంది.

చట్టం చెప్పవలసి వస్తే ఖచ్చితంగా చెప్పండి. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం ఈ పెళ్ళి చేసుకునే 27 ఏళ్ళ యువకుడికీ, జరిపించే పెద్దలకూ, పురోహితుడికీ రెండేళ్ళ వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. స్త్రీలకు మాత్రం ఈ చట్టం కింద జైలుశిక్ష లేదు. 18 ఏళ్ళలోపు భార్యతో కాపురం చేయడం కూడా అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తీర్పు చెప్పింది. ఆ పిల్ల గర్భంతో ఆసుపత్రికి వెళితే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద పోలీసులకు తెలియజేయడం డాక్టరు విధి. అంటే పెళ్ళి జరిగిన ఏడాదికి ఎవరో శత్రువు ఫిర్యాదు చేయనక్కరలేదు. కాన్పు కోసం వెళ్ళిన ఆసుపత్రే చాలు. ఈ ఒక్క సంగతి వరుడి తల్లిదండ్రులకు తెలియజేస్తే చాలాసార్లు వాళ్ళే రెండేళ్ళు ఆగుదామంటారు. ఎవరూ వినకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, ఫోన్ చేసినవారి పేరు బయట పెట్టరు. మేజిస్ట్రేటు కోర్టు నుంచి నిషేధ ఉత్తర్వు తెచ్చుకునే వీలు కూడా ఉంది. ఆ ఉత్తర్వును కాదని చేసిన పెళ్ళి అసలు చెల్లదు. ఉత్తర్వు లేకుండా జరిగిపోయిన బాల్య వివాహం మాత్రం దానంతట అది రద్దు కాదు. ఆ అమ్మాయే కోర్టుకు వెళ్ళి రద్దు కోరాలి, ఆ గడువు ఆమెకు 20 ఏళ్ళు నిండేవరకే. ఈ తేడా చాలామందికి తెలియదు. అందుకే జరిగిపోయాక చూద్దాం అనుకోవడం ప్రమాదకరం.

మీ చెల్లెలి విషయంలో మీరు చేయవలసింది మీ అమ్మగారితో మాట్లాడడం. ఆమె సంబంధాల జాబితాలోని షరతులు ఒక కాగితం మీద రాయించి, వాటిలో మీ చెల్లెలు పెట్టినవి ఎన్ని, ఊరు పెట్టినవి ఎన్ని అని చూడండి. ఆమె కంటే ఏడాది చిన్నవాడైనా, తక్కువ జీతగాడైనా, బడిపంతులైనా, సాగు చేసుకునేవాడైనా ఆమెకు నచ్చితే మీ ఇల్లు ఒప్పుకుంటుందా? ఒప్పుకోకపోతే ఆలస్యానికి ఆమెను నిందించకండి. అసలు పెళ్ళే వద్దనుకుంటోందేమో కూడా అడగండి. ముప్పై దాటిన మగవాడు ఇంకా స్థిరపడలేదని అనగలిగే ఇల్లు, ముప్పై ఏళ్ళ ఆడపిల్ల స్థిరపడిందని ఎందుకు అనలేకపోతోందో మీ అమ్మగారికి నెమ్మదిగా చెప్పగలిగేది కొడుకైన మీరే.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అందులో మీ బావగారి మాట ఉంది, అక్కగారి మాట ఉంది, అమ్మగారి కన్నీరు ఉంది. ఆ పదహారేళ్ళ పిల్ల ఏమన్నదో లేదు. ఆమెను ఎవరూ అడిగి ఉండరు. ఈ ఆదివారం వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ మధ్య కాకుండా విడిగా, వీలైతే మీ చెల్లెలిని వెంటబెట్టుకుని వెళ్ళి అడగండి. పిన్నితో చెప్పినంత సులువుగా మామతో చెప్పదు. ఆమె టీసీ, మార్కుల మెమో బడిలోనే ఉన్నాయా, ఇంటికి తెచ్చేశారా కనుక్కోండి. దగ్గరలోని కస్తూర్బాలో గానీ గురుకులంలో గానీ ఇంటర్ సీటుకు దరఖాస్తు ఇప్పించి, ఆ కాగితాన్ని చేతిలో పెట్టుకుని మీ బావగారి ముందు కూర్చోండి. పెళ్ళి వద్దని వెళ్ళే మేనమామ కంటే, పిల్లను రెండేళ్ళు ఎక్కడ ఉంచాలో చెప్పగలిగే మేనమామ మాటను ఆయన వింటారు. లగ్నపత్రిక రాసుకోకముందే వెళ్ళండి. రాసుకున్నాక అది పిల్ల సంగతి కాకుండా రెండిళ్ళ పరువు సంగతి అవుతుంది, అప్పుడు ఆపడం నాకే చాలాసార్లు చేతకాలేదు.